ఇప్పసారా బట్టి: మూడు కుండల యంత్రం కథ

పులియబెట్టిన ఏ పానీయానికైనా మొదటి శత్రువు పులుపే. చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఈస్టు, అంటే కంటికి కనిపించని ఏకకణ శిలీంధ్రం, తన పని ముగించిందో లేదో, గాలిలోనూ పాత్ర గోడల మీదా ఉండే బ్యాక్టీరియా రంగంలోకి దిగి ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, మిగిలిన చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చడం మొదలుపెడుతుంది. ఎండ ముదిరిన కొద్దీ ఈ మార్పు వేగం పెరుగుతుంది కాబట్టే, కరీంనగర్ పల్లెల్లో తెల్లవారుజామున దించిన తాటికల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కి, మరునాటికి నోట పెట్టుకోలేనంతగా పుల్లబడుతుంది.

చలిదేశాలు ఈ చిక్కును ఒక విధంగా విప్పుకున్నాయి. బార్లీతో చేసే బీరులో ఆల్కహాలు పాలు పెంచి, హాప్ అనే తీగజాతి మొక్క పూగుత్తులను దండిగా వేసి మరిగించారు. ఆ పూలలోని చేదు ఆమ్లాలు మరుగుతూ రూపం మార్చుకొని, లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే బ్యాక్టీరియాను అదుపు చేస్తాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర లండన్‌లోని బౌ ప్రాంతంలో హాడ్జ్‌సన్ కుటుంబం కాచిన బీరు నెలల తరబడి ఓడలో ఊగుతూ కలకత్తా చేరి కూడా తాగదగినదిగా ఉన్నదంటే అందుకు కారణం ఇదే. అటువంటి బీరుకే తరువాతి కాలంలో ఇండియా పేల్ ఏల్ అన్న పేరు స్థిరపడింది. ఆదిలాబాద్ అడవులలో బార్లీ లేదు, హాప్ తీగా లేదు. అక్కడి రాజగోండులు, కోలాములు, నాయకపోడులు అదే సమస్యను వేరొక దారిలో పరిష్కరించుకున్నారు. పానీయాన్ని చెడకుండా కాపాడే ప్రయత్నం మాని, అందులోని ఆల్కహాలును ఆవిరి రూపంలో బయటికి లాగే యంత్రాన్ని వాడారు. ఆ యంత్రమే సారా బట్టి.

బట్టి కథ చెప్పాలంటే ముందు పువ్వు సంగతి చెప్పాలి. ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చిన ఇప్పచెట్టు కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూస్తుంది. కండపట్టిన లేతపసుపు పూరేకుల గొట్టం రాత్రి విచ్చుకొని తెల్లవారేలోగా నేలరాలుతుంది. చెట్టు కింద చెత్త ఊడ్చి, లేదా కాల్చి, నేల శుభ్రం చేసి ఉంచుకున్న కుటుంబాలు చీకటి ఉండగానే గంపలతో వెళ్లి పువ్వు ఏరుకొస్తాయి. ఎండబెట్టిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే కావడం, బాగా ఎండితే ఏడాది పాటు నిలువ ఉండటం అనే రెండు గుణాలే ఈ యంత్రం నిర్మాణాన్ని నిర్ణయించాయి. బార్లీలో ఉండేది పిండిపదార్థం. దానిని ఈస్టు నేరుగా తినలేదు. గింజను మొలకెత్తించి, ఆరబెట్టి, నలిపి, నిర్ణీత ఉష్ణోగ్రత గల వేడినీటిలో నానబెడితే తప్ప పిండి చక్కెరగా మారదు కాబట్టి బీరు కాచేవాడి ఇంట్లో మర, జల్లెడ అడుగున్న తొట్టి ఉండక తప్పదు. ఇప్పపువ్వు విషయంలో ఆ పనంతా చెట్టే ముగించి పెడుతుంది. అందువల్ల మొదటి దశకు కావలసింది ఒక బాన, నీళ్లు, కొన్ని రోజుల ఓపిక మాత్రమే.

బానలో నానిన పువ్వు పొంగి, నురగలు కక్కి, కొన్ని రోజులకు చల్లబడుతుంది. చక్కెర బరువులో సిద్ధాంతరీత్యా సుమారు 51 శాతం ఆల్కహాలు కాగలదు. మిగిలినది కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. అయితే ఆల్కహాలు పెరిగిన కొద్దీ అది ఈస్టుకే విషమవుతుంది. ఎంచి పెంచిన ఈస్టు రకాలు 15 శాతం దాకా తట్టుకుంటాయేమో కానీ, పువ్వుతో పాటు వచ్చిన అడవి ఈస్టు అంతకు చాలా ముందే చేతులెత్తేస్తుంది. గాఢమైన బీరు కాచేవారందరికీ అడ్డుగోడ అయిన ఈ హద్దును సారా బట్టి దాటిస్తుంది.

నిర్మాణం చూడటానికి సాదాగా ఉంటుంది. పొయ్యి మీద పులిసిన పువ్వుతో నిండిన పెద్ద కుండ. దాని మూతి మీద అడుగున రంధ్రాలున్న రెండో కుండ, అందులో సారా పట్టే చిన్న గురిగి. అన్నిటికన్నా పైన చన్నీళ్లు నింపిన మూడో పాత్ర. కుండలు కలిసే చోట తడిగుడ్డ చుట్టి బంకమన్ను మెత్తుతారు, ఎందుకంటే సందు దొరికితే ముందు జారుకునేది ఆల్కహాలే. మంట తగిలిన కింది కుండలోంచి లేచిన ఆవిరి రంధ్రాల గుండా పైకి వచ్చి, చన్నీళ్ల పాత్ర అడుగును తాకి, చెమటలా పట్టి, బొట్లు బొట్లుగా గురిగిలోకి రాలుతుంది. నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆల్కహాలు 78 డిగ్రీల వద్ద మరుగుతాయి కాబట్టి ఆల్కహాలు ఒక్కటే ముందుగా వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ అది సరి కాదు. రెండూ కలిసే లేస్తాయి, ఆవిరిలో మాత్రం ఆల్కహాలు పాలు ఎక్కువ. బరువులో 10 శాతం ఆల్కహాలున్న ద్రవం మరిగితే మొదటి ఆవిరిలో దాదాపు సగం ఆల్కహాలే ఉంటుంది. మొదటి ధార నిప్పుల మీద చిలకరిస్తే భగ్గుమనడానికి, చివరి ధార చప్పగా ఉండటానికి కారణం ఇక్కడే ఉన్నది.

బట్టి అనగానే అందరి చూపూ మంట మీదికి పోతుంది కానీ, యంత్రానికి ప్రాణం పైనున్న చన్నీళ్లలో ఉన్నది. సగం నీరు, సగం ఆల్కహాలు ఉన్న ఒక కిలో ఆవిరి ద్రవంగా మారేటప్పుడు సుమారు 1,550 కిలోజౌళ్ల వేడిని వదులుతుంది. ఆ వేడిని మింగాలంటే 25 డిగ్రీల నీళ్లు 12 లీటర్లకు పైగా 55 డిగ్రీల దాకా కాగాలి. పై పాత్రలో అన్ని నీళ్లు పట్టవు కాబట్టి వేడెక్కినవి తోడిపోసి చల్లనివి నింపుతూనే ఉండాలి. నీళ్లు మార్చడం ఆలస్యమైతే ఆవిరి చల్లబడక మట్టి అతుకుల్లోంచి దారి వెతుక్కుంటుంది. ఆదివాసీ గ్రామాల్లో నీళ్లు ఎన్నిసార్లు మార్చారన్న లెక్కే సారా ఘాటుకు కొలమానమయింది, హైడ్రోమీటర్ లేని చోట ఇంతకన్నా తెలివైన కొలత దొరకదు. బట్టి వాగు ఒడ్డునే ఎందుకు వెలుస్తుందన్నదానికి ఆబ్కారీ వారి కంట పడకపోవడం ఒక కారణమైతే, ఈ నీళ్ల లెక్క అసలు కారణం.

ఈ యంత్రం పుట్టుక మీద పండితులలో ఏకాభిప్రాయం లేదు. గాంధార ప్రాంతంలోని తక్షశిల, షేఖాన్ ఢేరీ తవ్వకాలలో దొరికిన మట్టి పాత్రలను పరిశీలించిన ఎఫ్. ఆర్. ఆల్చిన్, బట్టీ పట్టడానికి భారతదేశమే పురాతన నిలయం కావచ్చునని 1979లో వాదించాడు. అక్కడి నమూనాలో ఆవిరి పక్కగొట్టం గుండా వెళ్లి నీళ్లలో ఉంచిన వేరే కుండలో చల్లబడుతుంది. చన్నీళ్ల పాత్రను నెత్తిన పెట్టుకొని, లోపలే సారాను పట్టుకునే నమూనాను శాస్త్ర చరిత్రకారులు మంగోల్ పద్ధతి అంటారు. ఇప్పచెట్లున్న మధ్య భారతంలో ఈ రెండూ కనిపిస్తాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం కష్టం, ఎందుకంటే పగిలిన కుండపెంకు తాను నీళ్లు మోసిందో సారా మోసిందో చెప్పదు.

పన్ను వసూలు చేసే ప్రభుత్వాలకు మాత్రం ఈ యంత్రం ఎప్పుడూ కంట్లో నలుసే. బొంబాయి ప్రెసిడెన్సీలో బ్రిటిష్ ప్రభుత్వం 1892లో ఏకంగా ఇప్పపువ్వు నిలువ మీదనే ఆంక్షలు పెడుతూ చట్టం చేసింది. నిజాం రాజ్యంలో ఫసలీ (పన్నుల లెక్కకు వాడిన సంవత్సరమానం) 1316 నాటి ఆబ్కారీ చట్టం, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం, అనుమతి లేకుండా సారా కాచడాన్ని నేరంగానే చూశాయి. పెళ్లికీ, చావుకీ, దేవర మొక్కుకీ సారా ధారపోయడం ఆచారమైన గోండు గూడేల్లో ఈ చట్టాలు దేవుడికీ దారోగాకీ మధ్య తగాదాగా మారాయి. 1993 అక్టోబర్ 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చాక, బెల్లంతో కాచే గుడుంబా ఉత్తర తెలంగాణ పల్లెలను ముంచెత్తింది. మట్టికుండ పోయి రేకు డబ్బా, ప్లాస్టిక్ గొట్టం వచ్చాయి. పులియడాన్ని తొందరపెట్టడానికి నవసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్, వచ్చి చేరింది. ఇప్పసారాకు అంటిన చెడ్డపేరులో పెద్ద పాలు నిజానికి ఈ కొత్త వేషానిదే. కల్తీసారా మరణాలకు ప్రధాన కారణం పరిశ్రమలలో వాడే మిథనాల్ అనే విషపు ఆల్కహాలును కలపడమే తప్ప పువ్వులోంచి సహజంగా పుట్టే కొద్దిపాటి మిథనాల్ కాదు. అయితే మొదటి ధార పారబోస్తే మిథనాల్ అంతా పోతుందన్న నమ్మకం కూడా తప్పే, అది చివరి దాకా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది.

పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అక్కడ మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నియంత్రణ అధికారాన్ని గ్రామసభకు ఇవ్వాలని చెప్పింది. మధ్యప్రదేశ్ ఒక అడుగు ముందుకు వేసి ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, గిరిజన స్వయం సహాయక బృందాల చేత స్టీలు బట్టీలలో తయారు చేయిస్తున్నది. ఆదిలాబాద్‌లో దారి వేరు: ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇదే పువ్వుతో లడ్డూలు చుడుతున్నది, ఇక్కడ యంత్రానికి పొయ్యి ఉన్నది కానీ చన్నీళ్ల పాత్ర అక్కర లేదు.