పులిసిన పిండిలో జన్యువుల పొదుపు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక సందుల్లోనూ, పంజాగుట్ట కూడలి వద్దా తెల్లవారేసరికి టిఫిన్ బండ్లపై ఇడ్లీపాత్రలు ఆవిరి చిమ్ముతుంటాయి. శిక్షణకై వచ్చి హాస్టళ్ళలో ఉండే విద్యార్థులకు ఉదయపు ఆహారం తరచుగా అదే. మినప్పిండిలో ఇడ్లీరవ్వ కలిపి రాత్రంతా ఉంచితే పిండి పులిసి పొంగుతుంది. ఈ పని చేసేది ముఖ్యంగా మినప్పప్పుతో వచ్చిన ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా. అది చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగానూ, కార్బన్ డై ఆక్సైడ్‌గానూ మారుస్తుంది. ఇడ్లీని గుల్లబరిచేది ఆ వాయువే.

బాక్టీరియా తనకు కావలసిన కార్బన్‌ను చక్కెరల నుండి పొందుతుంది. అయితే దొరికిన చక్కెరలన్నిటినీ ఒకేసారి తినదు. ఎషెరీషియా కోలైకి గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఇస్తే, మొదటిది అయిపోయిన తరువాతనే రెండవదాని జోలికి పోతుంది. లాక్టోజ్ లేనప్పుడు ఒక నిరోధక ప్రోటీన్ డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకొని, దానిని ఛేదించే ఎంజైముల జన్యువులను పనిచేయనీయదు. లాక్టోజ్ కణంలోకి చేరితే దాని నుండి పుట్టిన పదార్థం ఆ నిరోధకాన్ని తొలగిస్తుంది. గ్లూకోజ్ ఉన్నంతవరకు లాక్టోజ్‌కు లోపలికి దారి దొరకదు. జన్యువులను మూసి తెరిచే ఏర్పాటును ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో 1961లో వివరించి, 1965లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

విటమిన్ల తయారీలో ఇదే పొదుపు తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ పదార్థం ఉంటే జన్యువులు మూసుకొంటాయి. బాసిల్లస్ సబ్టిలిస్‌లో రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిన్, సరిపడా ఉన్నప్పుడు దాని నుండి ఏర్పడే ఎఫ్.ఎం.ఎన్. తయారవుతున్న ఆర్.ఎన్.ఏ. మొదటి భాగానికే అతుక్కొంటుంది. ఆర్.ఎన్.ఏ. మడత మారి, దాని తయారీ మధ్యలోనే నిలిచిపోతుంది. నిరోధక ప్రోటీన్ అవసరమే లేని ఈ మీట సంగతి 2002లో బయటపడింది.

మానవుడు ఈ విటమిన్‌ను తయారుచేసుకోలేడు. పాలు, గుడ్లు, ఆకుకూరలు కొరవడి తెల్లని అన్నంతోనే సరిపెట్టుకొనేవారికి పెదవుల మూలలు పగులుతాయి, నాలుక మండుతుంది. ఈ లోపాన్ని తీర్చడానికి శాస్త్రజ్ఞులు బాక్టీరియా మీటనే చెడగొట్టారు! రైబోఫ్లేవిన్‌ను పోలిన రోజియోఫ్లేవిన్‌ను ఇస్తే ఆ మీట మోసపోయి మూసుకొంటుంది, విటమిన్ లేక బాక్టీరియా పెరగలేదు. మీట పాడైనవి మాత్రం తట్టుకొని, అవసరానికి మించి విటమిన్‌ను తయారుచేస్తాయి. 2006లో ఐరోపా పరిశోధకులు ఈ పద్ధతితో ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్‌లోనూ అటువంటి రకాన్ని సాధించారు. రైబోఫ్లేవిన్ ఇడ్లీపాత్రలోని వేడిని చాలావరకు తట్టుకొంటుంది. వెలుతురుకు మాత్రం చెడిపోతుంది. పిండిగిన్నెపై మూత అందుకూ పనికివస్తుంది.