చక్రాన్ని నేల విడవనీయనిది

షాక్ అబ్జార్బర్ అన్న పేరే ఆ యంత్రం గురించి తప్పు చెబుతుంది. చక్రం గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేది స్ప్రింగు. అది కమాన్ కట్ట కావచ్చు, కాయిల్ కావచ్చు. మింగినదాన్ని స్ప్రింగు దాచుకోలేదు, మరుక్షణమే కక్కేస్తుంది. కుంగిన బండి లేస్తుంది, లేచిన బండి మళ్లీ కుంగుతుంది. ఆ ఊగులాటలోని శక్తిని లాక్కుని వేడిగా మార్చడమే షాక్ అబ్జార్బర్ పని. ఇంగ్లండులో దాన్ని డ్యాంపర్ అంటారు, ఆ పేరే నిజానికి దగ్గర. మనకు అలవాటైన పేరు వల్ల అది నడుము నొప్పికి మందులా, సుఖం కోసం పెట్టిన సామానులా కనిపిస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్లు ముందుగా వెడల్పాటి టైర్లకు, ఇనుప బంపరుకు, పైన లైట్లకు డబ్బు పెడతారు. షాక్‌ల వంతు ఎప్పుడో వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దారుల్లో తిరగాల్సిన పాత బండికి ఈ వరుస తలకిందులు కావాలన్నది నా వాదన. ఫోర్ వీల్ డ్రైవ్ కోసం పెట్టిన డబ్బుకు ఫలితం దక్కేది షాక్‌లు బాగున్నప్పుడే.

ఈ యంత్రం పుట్టుకే అందుకు సాక్ష్యం. తొలి కార్లకు స్ప్రింగులు గుర్రబ్బగ్గీల నుంచి వచ్చాయి. గుర్రం వేగానికి సరిపోయిన స్ప్రింగులు ఇంజను వేగానికి చాలలేదు. 1900 ప్రాంతంలో ఫ్రాన్సులో ట్రూఫో అనే ఆయన రెండు ఇనుప చేతులను కత్తెరలా కలిపి, కీలు దగ్గర రాపిడి బిళ్లలు బిగించాడు. చక్రం ఊగితే బిళ్లలు రాసుకుని ఊగును ఆపేవి. అమెరికన్ ఎడ్వర్డ్ హార్ట్‌ఫోర్డ్ ఆ పద్ధతిని తన దేశానికి తీసుకెళ్లి వ్యాపారంగా మార్చాడు. రేసు కార్లు ఏళ్ల తరబడి అలాంటివే వాడాయి. సుఖంతో పనిలేని పందెగాళ్లు దాన్ని ఎందుకు కోరుకున్నారు? ఎగిరే చక్రంతో మలుపు తిరగడం, బ్రేకు వేయడం కుదరదు కాబట్టి. అయితే రాపిడి బిళ్లకు ఒక లోపం ఉంది. చక్రం మెల్లగా కదిలినా, జోరుగా కదిలినా అది దాదాపు ఒకే బలంతో అడ్డుపడుతుంది. చిన్న గతుకుల మీద అసలు కదలకుండా పట్టేస్తుంది. ఫ్రాన్సుకే చెందిన మోరిస్ హూడాయ్ ఆ చోట నూనెను పెట్టాడు. సన్నని దారిలోంచి మెల్లగా తోస్తే నూనె లొంగుతుంది, గట్టిగా తోస్తే ఎదురు తిరుగుతుంది. ఎంత జోరో అంత అడ్డు, ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఆనాటికి లేదు. 1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ హూడాయ్ షాక్‌లతోనే వచ్చింది. తర్వాత అవి నేడు మనం చూసే గొట్టం ఆకారానికి మారాయి. గొట్టంలో నూనె, గాలి కలిసి నురగ కడితే పట్టు పోతుంది. 1950లలో ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియాన్ బూర్సియే ద కార్బన్ అధిక పీడనపు వాయువును, దానికీ నూనెకూ మధ్య తేలే పిస్టన్‌నూ పెట్టి ఆ చిక్కు తీర్చాడు. మన దేశంలో షాక్‌లు తయారుచేసే గాబ్రియెల్ ఇండియా కంపెనీ 1961లో మొదలైంది.

ఇప్పుడు మన రోడ్ల లెక్క చూద్దాం. స్ప్రింగుల మీద నిలిచిన బండి బరువు సెకనుకు సుమారు ఒకసారి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. చక్రం, ఇరుసు మాత్రం సెకనుకు 10 నుంచి 15 సార్లు అదురుతాయి. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు దాటి కొత్తగూడ, గంగారం వైపు అడవి పల్లెలకు వెళ్లే మొరం బాటను ఊహించండి. బళ్లు తిరిగి తిరిగి మొరం అలలు అలలుగా గడ్డకడుతుంది. అలకూ అలకూ మధ్య ముప్పావు మీటరు ఉండి, బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే చక్రానికి సెకనుకు 11 దెబ్బలు తగులుతాయి. అది సరిగ్గా చక్రం తనంతట తాను అదిరే లయ. ఊయలను అది వెనక్కి వచ్చినప్పుడల్లా తోసినట్టే, దెబ్బ దెబ్బకీ అదురు పెరుగుతుంది. దాన్ని ఆపగలిగేది షాక్ ఒక్కటే. జనగామ మీదుగా పోయే హైదరాబాద్-వరంగల్ హైవే నున్నగా ఉంటుంది కదా అనుకోవచ్చు. అక్కడ గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. షాక్ అరిగి ఉంటే, వంతెన అతుకు మీద అదిరిన చక్రం ప్రతి రెండు మీటర్లకోసారి నేలను వదిలీ వదలనట్టు పట్టుకుంటుంది. అదే సమయంలో బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది గానీ బండి అంత త్వరగా ఆగదు. భూపాలపల్లి వైపు సమస్య మరొకటి. గనుల నుంచి బొగ్గు లారీలు, గోదావరి నుంచి ఇసుక లారీలు తిరిగే దారుల్లో గుంత అంచు పదునుగా ఉంటుంది, దుమ్ము సన్నగా ఉంటుంది. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినట్టు వాన ముంచితే, ఆ దుమ్మే బురదై షాక్ రాడ్డుకు అతుక్కుంటుంది.

ఫోర్ వీల్ డ్రైవ్‌కూ షాక్‌కూ ఉన్న లంకె ఇంకా లోతైనది. మామూలు డిఫరెన్షియల్ ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలం ఇస్తుంది. గాలిలోకి లేచిన చక్రం తిరగడానికి బలమే అక్కర్లేదు, అందువల్ల నేల మీదున్న రెండో చక్రానికీ దాదాపు ఏమీ అందదు. బురదలో మెల్లగా పాకేటప్పుడు షాక్ ఏం చేస్తుందని ఎవరైనా అడగవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. కదలికలో జోరు లేనప్పుడు షాక్‌కు పనిలేదు, అక్కడ స్ప్రింగు ఎంత చాచుకోగలదన్నదే లెక్క. కానీ వాగు ఒడ్డు ఎక్కడానికి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక ఇరుసు దడదడమని గెంతడం మొదలైతే కథ మారుతుంది. గెంతిన ప్రతిసారీ పట్టు తెగుతుంది, నేల తగిలిన ప్రతిసారీ యాక్సిల్ షాఫ్టు మీదా, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ల మీదా సుత్తి దెబ్బ పడుతుంది.

నూనె కారడం లేదు కాబట్టి షాక్ బాగుందన్నది ఎక్కువగా వినిపించే వాదన. షాక్‌ను విప్పి నిలబెట్టి చేత్తో నొక్కి చూడండి. కొత్తదైతే రాడ్డు రెండు వైపులా బరువుగా, ఒకే తీరుగా కదులుతుంది. అరిగినదైతే లోపలికి నొక్కి పైకి లాగే మలుపు దగ్గర ఒక అంగుళం మేర ఏ అడ్డూ లేకుండా జారుతుంది. ఆ అంగుళంలో చక్రం విడిచిపెట్టిన ఎద్దు లాంటిది. రాడ్డు మీద క్రోమ్ పూత చూస్తే నిలువు గీతలు, తుప్పు చుక్కలు కనిపిస్తాయి. కోసి చూస్తే తేనె రంగులో ఉండాల్సిన నూనె లోహపు పొడితో నల్లబడి ఉంటుంది. పిస్టన్‌కు ఉండే పల్చని వాల్వు రేకులు అలసి, అంచుల్లో అరిగి ఉంటాయి. ఇవన్నీ ఒక్క చుక్క బయటికి కారకుండానే జరుగుతాయి. విప్పకుండా తెలుసుకునే దారీ ఉంది. గతుకుల మీద ఇరవై నిమిషాలు నడిపి ఆపి, షాక్ గొట్టాలకు జాగ్రత్తగా చెయ్యి దగ్గర పెట్టాలి. పనిచేసినది వెచ్చగా ఉంటుంది, చల్లగా ఉన్నది ఊరికే వేలాడుతోంది. టైరు అంచున దొప్పల్లా అక్కడక్కడ అరిగిన మచ్చలు కూడా ఆ సంగతే చెబుతాయి.

కమాన్ కట్ట బళ్లకు షాక్‌లతో పెద్ద పనిలేదన్న మాటను తోసిపుచ్చలేం. బొలెరో వెనక, పాత జిప్సీ నాలుగు వైపులా ఉన్న పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుని ఊగును కొంత ఆపుతాయి. అది ట్రూఫో బిళ్లల పనే. దాని లోపమూ ఆ బిళ్లల లోపమే, చిన్న గతుకుల మీద పట్టేస్తుంది, పెద్ద గెంతుకు చాలదు. అరిగిన షాక్‌కే అడుగున గొట్టం కోసి, నూనె పోసి, వెల్డింగ్ పెట్టి కొత్తదిలా చేయించుకోవడం చవక నిజమే. అయితే నూనె మారుతుంది, అరిగిన వాల్వూ గీతలు పడ్డ రాడ్డూ మారవు. కొత్త సీలును ఆ గీతలే మళ్లీ కోస్తాయి. ఇక బాగా గట్టిగా ఉన్న గ్యాస్ షాక్ వేస్తే చాలనుకోవడం మరో అతి. స్ప్రింగుకు మించిన గట్టి షాక్ గుంతలోకి చక్రాన్ని దిగనివ్వదు, అప్పుడూ చక్రం గాలిలోనే ఉంటుంది.

నాలుగూ ఒకేసారి కొనలేనివారు కనీసం ఒక ఇరుసుకు రెండూ మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే గట్టి బ్రేకులో బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త జంట గొట్టాల (ట్విన్ ట్యూబ్) షాక్‌ను నిలువుగా పట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగితే పడుకోబెట్టినప్పుడు లోపలికి చేరిన గాలి పైకి పోతుంది. బిగించేటప్పుడు రాడ్డు తిరగకుండా పట్టకారుతో పట్టుకుంటే, దాని మీద పడే గాటు మొదటి రోజు నుంచే సీలును తినేస్తుంది. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ ఆ మెలిలోనే ఉండి కొన్నాళ్లకే చిరుగుతుంది. జాకీ దించి, నాలుగు చక్రాలూ నేల మీద బరువు మోస్తున్నప్పుడు కిందికి దూరి ఆ చివరి బిగింపు బిగించాలి.