‘మిక్సింగ్’ అంటే ఏం కలుపుతారు?

బోరబండ సైట్-3లో మేం అద్దెకుండే ఇంటి పై గదిలో తెనాలి కుర్రాడొకడు ఉండేవాడు. ఫిలింనగర్ దగ్గర ఒక సౌండ్ స్టూడియోలో అసిస్టెంటు. మధ్యాహ్నం మూడింటికి బైకు తీస్తే తెల్లారగట్ల తిరిగొచ్చేవాడు. గేటు తాళం తియ్యలేక విసిగిపోయిన ఓనరమ్మ ‘‘ఇయాల గూడ లేటైతదా బిడ్డా?’’ అని అడిగేది. ‘‘మిక్సింగ్ ఉంది పెద్దమ్మా’’ అనేవాడు. వారం రోజులు ఇదే జవాబు విన్నాక ఒక పొద్దున మెట్ల మీద ఆపింది. ‘‘దినాం రాత్రి మిక్సింగేనా? గిట్లయితే పానం ఖరాబైతది. మీ అమ్మకు ఎరికేనా?’’

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నాకు వెంటనే అర్థమై, నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ తప్పేం లేదు. వైన్ షాపు దగ్గర మిక్సింగ్ అంటే గ్లాసులోకి సోడానా, నీళ్ళా, కూల్‌డ్రింకా అనేదే కదా!

ఆ సాయంత్రం వాడే నన్నడిగాడు. ‘‘అన్నా, ఒక్క మాటకి ఇన్ని అర్థాలెందుకు? శుభ్రంగా ‘కలపడం’ అంటే ఈ గొడవ ఉండేది కాదుగా?’’

ఉండేదే. ముందు ఆ ఇంగ్లీషు మాట పుట్టుక చూడండి. మొదట వచ్చింది ‘మిక్స్’ కాదు, ‘మిక్స్‌ట్’. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన విశేషణం. కలిసి ఉన్నది అని అర్థం. చివరి ‘ట్’ను ఇంగ్లీషువాళ్ళు తమ భూతకాలపు తోక అనుకున్నారు. తోక తీసేస్తే మిగిలేది క్రియే అయ్యుండాలని ‘మిక్స్’ను వాడుకలోకి తెచ్చుకున్నారు. పొరపాటున పుట్టిన క్రియన్నమాట. ఆ లాటిన్ మాటకూ సంస్కృతంలోని ‘మిశ్ర’కూ మూలం ఒకటే. కాబట్టి మిశ్రమమూ, మూడూ నాలుగూ కలిసి ఏడయ్యే మిశ్రచాపు తాళమూ మిక్సింగ్‌కు దూరపు చుట్టాలు. పరాయి మాటలని ముఖం చిట్లించే పెద్దలకు ఈ చుట్టరికం చెప్పి చూడండి, సరదాగా ఉంటుంది.

మన ‘కలుపు’ది వేరే వంశం. అదీ తక్కువ తిన్నదేం కాదు. రేపు కలుద్దాం అంటాం, లెక్క కలపమంటాం. చేలో అక్కర్లేని గడ్డి కూడా కలుపే. నలుగురితో ఇట్టే మాట కలిపేవాణ్ణి కలుపుగోలు మనిషి అంటాం. సరిగ్గా అలాంటి వాణ్ణే ఇంగ్లీషువాడు ‘గుడ్ మిక్సర్’ అంటాడు. ఇక ఈ తరం కుర్రకారుకు ‘పులిహోర కలపడం’ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆ కుర్రాడు ‘‘రాత్రంతా కలపడం ఉంది పెద్దమ్మా’’ అనుంటే అనుమానం మందు మీంచి అమ్మాయిల మీదికి మళ్ళేది.

పైగా మనకు చెయ్యి ఎలా కదులుతుందో దాన్నిబట్టి మాట మారిపోతుంది. పప్పును మెదుపుతాం, గుడ్డును గిలకొడతాం, పూరీ పిండిని పిసుకుతాం, పసిబిడ్డకు మందు తేనెలో రంగరిస్తాం. పులిహోరకు వీటిలో ఏదీ పనికిరాదు. అన్నం వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, నూనె, పసుపు వేసి, పులుసు పట్టించి, మెతుకు విరక్కుండా వేళ్ళతో తేలిగ్గా కలపాలి. అందుకని మొదటి ప్రశ్న ‘ఏం కలుపుతున్నారు’ కాదు, ‘ఎలా’. రెండోది ఇంకా ముఖ్యం: కలిపినదాన్ని మళ్ళీ విడదీయగలమా? బజ్జీల బండి మీది మిక్చర్‌లోంచి పల్లీలు ఏరుకుని తినొచ్చు. పాలలో కలిపిన నీళ్ళను ఏరలేం.

అన్నట్టు మన వంటింటి మిక్సీ చేసే పని చాలావరకు కలపడం కాదు, రుబ్బడం, పొడి చేయడం. వెనకటి ఆస్పత్రుల్లో ఎర్ర మిక్చర్ సీసాలో పోసిచ్చిన కాంపౌండరు మాత్రం పేరుకు తగ్గవాడే. కాంపౌండ్ చేయడమన్నా మందులు కలపడమే.

‘ఎలా’ కలుపుతారన్నది ఎంత ముఖ్యమో మా వీధి మలుపులో ఇల్లు కడుతుంటే చూశాను. కూలీలు ముందు ఇసుక మీద సిమెంటు పోసి పొడిగానే పారలతో రెండుమూడుసార్లు తిరగేశారు. రంగంతా ఒక్కటయ్యాక మధ్యలో గుంట చేసి అందులో నీళ్ళు పోశారు. ముందే నీళ్ళెందుకు పొయ్యరు? పోస్తే సిమెంటు ఉండకడుతుంది, ఇసుక రేణువులన్నిటికీ పట్టదు. నీళ్ళు ఎక్కువైతే పార తేలిగ్గా ఆడుతుంది, కాని ఆ ఎక్కువ నీళ్ళు ఆరిపోయిన చోట సన్నని రంధ్రాలు మిగిలి గోడ బలం తగ్గుతుంది. మేస్త్రీ తట్టకోసం అరుస్తున్నది తొందరకొద్దీ కాదు. నీళ్ళు పడ్డాక అరగంట దాటితే సిమెంటు బిగుసుకోవడం మొదలెట్టొచ్చు. అక్కడ వినపడ్డ మాట ‘‘మాలు కలపండ్రా’’. మిక్సింగ్ అన్న మాట కాంక్రీటు మిల్లరు వచ్చిన రోజునే విన్నాను.

ఇప్పుడు కుర్రాడి స్టూడియోకి వద్దాం. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. సినిమా హాలంత చీకటి గది, ఎదురుగా తెర, మధ్యలో బల్లంత కన్సోలు, దాని మీద వరసలు వరసలుగా శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్లు. తెర మీద టీకొట్టు, వాన, ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. వాన ఒక ట్రాక్, రేకుల మీద చినుకుల చప్పుడు ఇంకొకటి, గ్లాసుల గలగల వేరే, వెనక వీణ. డబ్బింగ్ చెప్పిన మాటలు విడిగా. డాల్బీ అట్మాస్ థియేటర్లో ఒకేసారి 128 ట్రాకుల దాకా నడపొచ్చు.

అన్నీ కలిపి మోగిస్తే సరిపోదా? సరిపోదు. ఒక శబ్దం ఇంకోదాన్ని కప్పేస్తుంది. మన మాటలో హల్లుల స్పష్టత ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వాన హోరూ, వీణ మీటూ అక్కడికే వచ్చి కూర్చుంటాయి. అప్పుడు హీరోయిన్ ఏదో అన్నదని తెలుస్తుంది గాని ఏమన్నదో తెలీదు. మిక్సింగ్ ఇంజనీరు ఏం చేశాడంటే, మాట పెంచలేదు. వీణలో ఆ మేర మాత్రం కొంచెం కోశాడు, వానను పక్క స్పీకర్లకు జరిపాడు, మాటను తెర మధ్యనున్న స్పీకరుకు వదిలేశాడు. అంతే, ఆ అమ్మాయి గొంతు నా ముందుకొచ్చి నిలబడింది. వీణ తగ్గిందని నాకు అనిపించనే లేదు. కుర్రాడి పనేమిటో నాకప్పుడు తెలిసింది. అక్కడ జరిగేది ఒకదాన్నొకటి మింగకుండా కాపలా కాయడం. ‘కలపడం’ అన్న మాట దానికి అతకదు. ‘మిక్సింగ్’ అంటే ఒక దశ పేరు, దానికో తేదీ, ఒక బిల్లు కూడా ఉంటాయి.

విడదీయగలగడం ఇక్కడ డబ్బుతో పని. తెలుగు సినిమాను హిందీలోకి డబ్ చేయాలంటే మాటలు తీసేసిన సంగీతం, శబ్దాల ట్రాక్ వేరుగా కావాలి. దాన్ని ముందే దాచకపోతే, అన్నీ ఒక్కటైపోయిన ట్రాక్‌లోంచి మాటను మాత్రం శుభ్రంగా పీకడం పాలలోంచి నీళ్ళు తీసినంత పని.

పేర్ల తికమక ఇండస్ట్రీలోనూ ఉంది. మన వాళ్ళకు ఆర్.ఆర్., అంటే రీరికార్డింగ్, నేపథ్య సంగీతం. హాలీవుడ్‌లో ‘రీరికార్డింగ్ మిక్సర్’ అంటే చివరి మిక్సింగ్ చేసేవాడు. 2009లో ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు సౌండ్ మిక్సింగ్ ఆస్కార్ అందుకున్న ముగ్గురిలో రసూల్ పూకుట్టి చేసింది షూటింగ్ చోటే శబ్దం పట్టడం. అదీ వాళ్ళ లెక్కలో మిక్సరు పనే. సౌండ్ ఎడిటింగ్‌కు, సౌండ్ మిక్సింగ్‌కు వేరువేరుగా ఇచ్చే ఆ అవార్డులను 2021 వేడుక నుంచి ‘సౌండ్’ అని ఒక్కటి చేసేశారు. కలపడాన్నే కలిపేశారన్నమాట.

ఇదంతా పెద్దమ్మకు కుర్రాడు తన పద్ధతిలో చెప్పుకున్నాడు. నమ్మిందో లేదో గాని గేటు తాళం రెండోది చేయించి ఇచ్చింది. సినిమా విడుదలైన శుక్రవారం మధ్యాహ్నం వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

‘‘ఏమైంది బిడ్డా, బొమ్మ ఎట్లున్నదంటున్రు?’’

‘‘మిక్స్‌డ్ టాక్ వచ్చింది పెద్దమ్మా.’’

ఆవిడ చాటలో బియ్యం ఏరడం ఆపి చూసింది. ‘‘అండ్ల ఏం కలిసిందట?’’