చీమకు తెలిసిన చక్కెర – మీటరుకు తెలిసే చక్కెర

"డాక్టరుగారూ! మూత్రానికి చీమలు పట్టడం మానేశాయి. ఇక మాత్రలు ఆపివేయవచ్చునా?" అని మధుమేహ రోగులు తరచుగా అడుగుతూ ఉంటారు. ప్రశ్న చిన్నదే. కాని దీనికి తమకు తామే "ఆపవచ్చును" అని సమాధానం చెప్పుకొన్నవారికి కాలక్రమాన కండ్లు, మూత్రపిండాలు, పాదాలు దెబ్బతినే ప్రమాదమున్నది. అందుచేత చక్కెర ఉనికిని చీమ ఎట్లు గుర్తించును, శరీరం ఎట్లు గుర్తించును, యంత్రం ఎట్లు గుర్తించును అన్న సంగతిని తెలుసుకొందాము.

చరక సంహిత నిదానస్థానంలో ప్రమేహ పూర్వరూపాలను వివరిస్తూ, రోగి శరీరానికి, మూత్రానికి చీమలు, తుమ్మెదల వంటి కీటకాలు చేరుటను ఒక లక్షణంగా పేర్కొన్నారు. చీమ తలపైనున్న మీసాల మీద, నోటి భాగాల మీద అతి సూక్ష్మమైన రోమాలుంటాయి. చక్కెర అణువు రోమం కొననున్న రంధ్రం గుండా లోనికి పోయి, నాడీకణం మీది గ్రాహకానికి తగులుతుంది. తాళంలో సరియైన చెవి పడినట్లుగా అణువు అందులో అమరగానే ఆ వార్త నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. మన నాలుక తీపిని గ్రహించుటలోనూ మూలసూత్రమిదే.

శరీరంలోపల ఈ పనిని క్లోమగ్రంథిలోని బీటా కణాలు నిర్వహిస్తాయి. రక్తంలోని చక్కెర ఆ కణాలలో ప్రవేశించి శక్తిగా మారుతుంది. శక్తి పెరిగినకొద్దీ కణపు గోడలోని పొటాషియం ద్వారాలు మూతపడి, కాల్షియం లోనికి వచ్చి, ఇన్సులిన్ వెలువడుతుంది. ఈ కణాలు క్షీణించినా, దేహధాతువులు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోయినా మధుమేహం ఏర్పడుతుంది.

ఇక చీమల సాక్ష్యం ఎందుకు చాలదో చూడండి. పరగడుపున 100 మి.లీ. రక్తద్రవంలో చక్కెర 126 మి.గ్రా. లేదా అంతకు మించి ఉన్నదని మరల పరీక్షించినా తేలితే అది మధుమేహమే. కాని రక్తంలో చక్కెర సుమారు 180 మి.గ్రా. దాటేవరకు మూత్రపిండాలు దానిని తిరిగి పీల్చుకొంటాయి, మూత్రంలోనికి పోనీయవు. ఈ రెండు హద్దుల నడుమ ఉన్న రోగికి వ్యాధి ఉంటుంది, చీమలు మాత్రం రావు. వృద్ధులలో, దీర్ఘకాల రోగులలో ఈ హద్దు ఇంకా పైకి పోవచ్చును. మరొకవైపు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రం ద్వారానే వెడలగొడతాయి. అవి వాడేవారికి రక్తంలో చక్కెర అదుపులో ఉన్నా చీమలు పట్టవచ్చును.

ఒకప్పుడు మూత్రాన్ని నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణంలో మరిగించి, ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు రంగులను బట్టి చక్కెరను అంచనా వేసేవారు. 1962లో అమెరికాలో లేలండ్ క్లార్క్ ఎంజైమును ఎలక్ట్రోడుతో జతపరచే పద్ధతిని ప్రతిపాదించారు. నేటి గ్లూకోమీటరు ఆ మార్గాన వచ్చినదే. పట్టీ మీది ఎంజైము రక్తంలోని చక్కెర నుండి ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. అవి ఎలక్ట్రోడుకు చేరగా పుట్టిన స్వల్ప విద్యుత్తును మీటరు కొలిచి అంకెగా చూపుతుంది.

ఈ పట్టీల విషయంలో గృహిణులు గమనించవలసినవి:

1. ఎంజైము తేమకు, వేడికి చెడిపోతుంది. డబ్బా మూత బిగించి ఉంచవలెను. పొయ్యి దగ్గర పెట్టరాదు. గడువు దాటినవి వాడరాదు.

2. వేలికి మామిడిపండు రసమో, బెల్లమో అంటి ఉంటే అంకె తప్పుగా పెరుగుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరనిచ్చిన తరువాతనే రక్తం తీయవలెను.

3. మీటరు చూపేది ఆ క్షణపు స్థితిని. గడచిన రెండు మూడు నెలల సరాసరికి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకొనవలెను.

మెంతులు, కాకర, నేరేడు గింజల చూర్ణం వాడేవారికి కూడా ఈ పరీక్షలు తప్పవు. మాత్రలతోపాటు వీటిని వాడినప్పుడు చక్కెర 70 కంటె దిగిపోయి చెమటలు, వణుకు రావచ్చును. కనుక వాడుతున్న సంగతిని వైద్యునికి చెప్పవలెను. చీమలు చేరితే వెంటనే పరీక్ష చేయించుకొనండి. చేరలేదని మాత్రం మందు మానకండి.