ఆరు స్విచ్‌ల అటారీ.. అసలుదేనా?

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో నేను అన్నం తింటుంటే మా బావ వీడియో కాల్ చేశాడు. ఆయన ఉండేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో. అక్కడ అప్పుడు పొద్దున్న ఎనిమిది. ఎవరింటి ముందో గరాజ్ సేల్ జరుగుతోంది.

"బామ్మర్దీ, ఇది చూడు" అంటూ కెమెరా తిప్పాడు. పాత సామాన్ల మధ్య నల్లటి పెట్టె, ముందువైపు చెక్క డిజైన్ పట్టీ, వరసగా ఆరు స్విచ్‌లు. అటారీ!

"1977 క్రిస్మస్‌కి పిల్లల కోసం కొన్నాడట పెద్దాయన. హెవీ సిక్సర్ అంటున్నాడు. మూడొందల డాలర్లు చెప్తున్నాడు. తీసేసుకోనా?"

"ఆగు బావా, ముందు దాన్ని తిరగెయ్యి" అన్నాను.

పాత గేమ్ కన్సోల్ కొనేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇదే. ముందువైపు చూసి మురిసిపోతాం. కానీ దాని అసలు పుట్టుక తెలిసేది అడుగున, అంచుల్లో, లోపల.

ఒకే అటారీ.. ఐదు రూపాలు

అటారీ ఈ కన్సోల్‌ను అమెరికాలో 1977 సెప్టెంబరులో విడుదల చేసింది. అప్పటి పేరు వీడియో కంప్యూటర్ సిస్టమ్, మోడల్ నంబర్ సీఎక్స్2600. మనమంతా పిలిచే 'అటారీ 2600' అనే పేరు 1982లో గానీ రాలేదు. ర్యామ్ ఎంతో తెలుసా? 128 బైట్లు. జీబీ కాదు, ఎంబీ కాదు, బైట్లే. ఇప్పుడు మన ఫోన్లో 'కి' అని ఒక్క అక్షరం టైప్ చేస్తేనే యూటీఎఫ్-8 లెక్కలో 6 బైట్లు పోతాయి. అంత చిన్న ర్యామ్‌తో ఆ రోజుల్లో గేములు ఆడించారు.

1992 దాకా మార్కెట్లో ఉన్న ఈ మెషిన్ మధ్యలో చాలాసార్లు రూపం మార్చుకుంది. ముఖ్యమైనవి ఐదు.

హెవీ సిక్సర్, 1977: ముందు ఆరు స్విచ్‌లు. పవర్, టీవీ టైప్, ఎడమ ఆటగాడి డిఫికల్టీ, కుడి ఆటగాడి డిఫికల్టీ, గేమ్ సెలెక్ట్, గేమ్ రీసెట్. తయారైంది సన్నీవేల్‌లోనే. ప్లాస్టిక్ బాగా మందం. లోపల పెద్దగా ఏమీ లేకపోయినా చేతిలోకి తీసుకుంటే బరువుగా, ఖరీదైన వస్తువులా అనిపించాలని అలా చేశారు. టీవీ, రేడియో సిగ్నళ్లకు అడ్డు రాకుండా లోపల పెట్టిన లోహపు కవచం కూడా మందమే.

లైట్ సిక్సర్, 1978: తయారీ తైవాన్‌కు వెళ్లింది. ముందు అవే ఆరు స్విచ్‌లు, అదే చెక్క డిజైన్. కానీ ప్లాస్టిక్, లోహపు కవచం రెండూ పలచబడ్డాయి. బరువు తగ్గింది.

నాలుగు స్విచ్‌లది, 1980: డిఫికల్టీ స్విచ్‌లు రెండూ వెనక్కి వెళ్లాయి. ముందు నాలుగే మిగిలాయి. చెక్క డిజైన్ అలాగే ఉంది.

వేడర్, 1982: చెక్క డిజైన్ పోయి మొత్తం నలుపు. 'స్టార్ వార్స్' విలన్ డార్త్ వేడర్‌ను గుర్తుచేస్తుందని పాత కన్సోళ్లు సేకరించేవాళ్లు పెట్టిన ముద్దు పేరు ఇది.

జూనియర్, 1986: చిన్న సైజు, చవక ధర, ముందు ఇంద్రధనుస్సు రంగుల గీత.

చివరి మూడింటినీ ఎవరైనా చూడగానే పోల్చుకుంటారు. గొడవంతా మొదటి రెండింటి దగ్గరే. హెవీ, లైట్ అన్నవి కూడా అభిమానులు పెట్టుకున్న పేర్లే కాబట్టి డబ్బా మీద గానీ, మెషిన్ మీద గానీ అవి కనిపించవు. కానీ ధర దగ్గర మాత్రం ఆ ఒక్క మాటకే తేడా వచ్చేస్తుంది.

ఎలా కనిపెట్టాలి?

మొదట అంచులు. కన్సోల్‌ను కంటికి సమానంగా పెట్టి కింది భాగం చూడండి. హెవీ సిక్సర్‌లో ఆ అంచు దళసరిగా, మూలలు గుండ్రంగా ఉంటాయి. లైట్ సిక్సర్‌లో అంచు సన్నగా, కోణంగా కోసినట్టు ఉంటుంది. ఫొటోలోనైనా తెలిసిపోయే తేడా ఇది. అందుకే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పైనుంచి తీసిన ఫొటోతో సరిపెట్టుకోకుండా పక్క నుంచి, అడుగు నుంచి తీసినవి అడగాలి.

రెండోది అడుగున ఉన్న లేబుల్. ఇక్కడ తొందరపడొద్దు. సన్నీవేల్ అన్న పేరు కనిపించగానే హెవీ అని గంతేయకండి. కంపెనీ ఆఫీసు చిరునామా కూడా ఆ ఊరే. 'మేడ్ ఇన్' తర్వాత ఏముందో చదవండి.

మూడోది లోపలి భాగం. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే స్క్రూలు విప్పి చూడొచ్చు. ఆరు స్విచ్‌ల మోడల్లో స్విచ్‌లకు ఒక బోర్డు, లోహపు కవచంలో మెయిన్ బోర్డు విడిగా ఉంటాయి. రెండింటినీ ఒక రిబ్బన్ కేబుల్ కలుపుతుంది. నాలుగు స్విచ్‌ల మోడల్లో అంతా ఒకటే బోర్డు. చిప్‌ల మీద తరచూ నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. ముందు రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం. 7740 అంటే 1977లో నలభయ్యో వారం. అయితే రిపేర్లో చిప్ మార్చి ఉండొచ్చు, పైడొక్కు కూడా ఇంకో మెషిన్‌ది అయి ఉండొచ్చు. అందుకే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. అంచు, లేబుల్, చిప్ అన్నీ ఒకే మాట చెప్పాలి.

ఇంకో మాట. సియర్స్ స్టోర్లు ఇదే మెషిన్‌ను 'టెలీ-గేమ్స్ వీడియో ఆర్కేడ్' పేరుతో అమ్మాయి. అటారీ పేరు లేదు కదా అని నకిలీ అనుకోవద్దు. వాటిలోనూ హెవీ సిక్సర్లు ఉన్నాయి.

ఇంతకీ ఆ పెద్దాయనది?

బావ కన్సోల్ తిరగేశాడు. అంచు సన్నగా ఉంది. లేబుల్ మీద 'మేడ్ ఇన్ తైవాన్'.

"లైట్ సిక్సర్ బావా" అన్నాను.

బావ గొంతు తగ్గించాడు, ఆ పెద్దాయనకు తెలుగు రాకపోయినా. "చెప్పాలంటావా? పిల్లల గురించి ఎంత సంతోషంగా చెప్పాడో తెలుసా?"

చెప్పకపోతే బావకు మూడొందలు పోతాయి. చెబితే ఆయన మనసు నొచ్చుకుంటుంది. చివరికి బావ మెల్లగా లేబుల్ చూపించాడు. పెద్దాయన కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మొదటిది పాడైతే ఇంకోటి కొన్నామేమో. మా ఆవిడ ఉంటే కచ్చితంగా చెప్పేది" అన్నాడు.

ఆయన మోసం చేయాలనుకోలేదు. నలభై ఏళ్లు దాటిన జ్ఞాపకంలో రెండు మెషిన్లు కలిసిపోయాయి, అంతే. ధర ఆయనే బాగా తగ్గించాడు. బావ కొన్నాడు. డబ్బుతో పాటు ఆయన జాయ్‌స్టిక్‌లు తుడిచి, కవర్లో పెట్టి మరీ ఇచ్చాడట.

ఇండియాకి తెస్తుంటే..

బావ సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని తెస్తానన్నాడు. అప్పుడు నేను చెప్పిన జాగ్రత్తే మీకూ చెప్తున్నా. అమెరికా అడాప్టర్ 120 వోల్టుల కోసం చేసింది. పిన్ను సరిపోయే కన్వర్టర్ తగిలించి మన 230 వోల్టుల సాకెట్లో పెడితే కాలిపోతుంది. కన్సోల్‌కు కావాల్సింది 9 వోల్టుల డీసీ, 500 మిల్లీయాంప్‌లు. పిన్ను చూడ్డానికి అచ్చం హెడ్‌ఫోన్ పిన్నులా ఉంటుంది, దాని కొన పాజిటివ్. ముందు కన్సోల్‌లో గుచ్చి, ఆ తర్వాతే గోడ స్విచ్ వేయాలి. అమెరికా మెషిన్ ఎన్టీఎస్‌సీ సిగ్నల్ ఇస్తుంది. మన పాత టీవీలు పాల్ పద్ధతివి. అందుకే ఎన్టీఎస్‌సీ కూడా తీసుకునే టీవీ దొరికిందా లేదా ముందే చూసుకోవాలి.

అటక మీద మీకూ ఏదైనా పాత కన్సోల్ దొరికితే వెంటనే ప్లగ్ పెట్టకండి. ముందు తిరగేసి అడుగున ఏం రాసుందో చదవండి.