రాయితీ జిల్లా అంతటికీ... ఫ్యాక్టరీలు అంచునే!

తెలకపల్లికి ఫ్యాక్టరీ ఎందుకు రాదు? జవాబు కావాలంటే హైదరాబాద్‌ బస్సెక్కాలి. జడ్చర్ల, బాలానగర్‌, షాద్‌నగర్‌, కొత్తూరు... పొగగొట్టాలన్నీ ఆ రహదారి పక్కనే!

2016లో కేంద్రం హైదరాబాద్‌ తప్ప తెలంగాణలోని పాత తొమ్మిది జిల్లాలనూ వెనకబడినవిగా ప్రకటించింది. కొత్త యంత్రాల మీద 15 శాతం అదనపు తరుగుదల, మరో 15 శాతం పెట్టుబడి భత్యం... 2020 మార్చి వరకు ఆదాయపు పన్నులో దక్కిన వెసులుబాట్లివి. తెలకపల్లిలో పెట్టినా అంతే, కొత్తూరులో పెట్టినా అంతే. అలాంటప్పుడు శంషాబాద్‌ విమానాశ్రయానికి దగ్గరున్న చోటు వదిలి ఇంతదూరం ఎవరొస్తారు చెప్పండి? అంతకుముందూ అంతే. ప్రోక్టర్‌ అండ్‌ గ్యాంబుల్‌ 2014లో ప్లాంటు తెరిచింది కొత్తూరులోనే.

దూరమే అడ్డు అనుకుందామా అంటే, హిమాచల్‌ప్రదేశ్‌లోని బద్ది ఉంది. 2003లో కేంద్రం అక్కడ కొత్త యూనిట్లకు పదేళ్లు ఎక్సైజు సుంకం పూర్తిగా మాఫీ చేసింది. మందుల కంపెనీలు కొండల బాట పట్టాయి. మన డాక్టర్‌ రెడ్డీస్‌ కూడా అక్కడ ప్లాంటు పెట్టింది. ఆ మాఫీ కొండ రాష్ట్రాలకే కాబట్టి ప్రయాణం గిట్టుబాటైంది. మనకిచ్చింది మాత్రం కొత్తూరుకీ తెలకపల్లికీ ఒకే కొలత.

అదే 2016లో జిల్లాలు విడిపోయాయి. తెలకపల్లి నాగర్‌కర్నూల్‌లోకి వచ్చింది. కొత్తూరు, షాద్‌నగర్‌ తమ ఫ్యాక్టరీలతో సహా రంగారెడ్డి లెక్కలోకి వెళ్లిపోయాయి.