మీకు తెలుసా? కోడిపిల్ల సద్దిమూటతోనే పుడుతుంది

గంప నిండా గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగులు పూసిన కోడిపిల్లలు. సికింద్రాబాద్ సందులో అలాంటి గంప దిగిందంటే ఇంట్లో చిన్నవాళ్లు మారాం చేసి రెండైనా కొనిపిస్తారు. అమ్మమ్మ వెంటనే గుప్పెడు నూకలు చల్లుతుంది. పిల్ల ముట్టదు. ఒకటి రెండు రోజుల పిల్లయితే కంగారొద్దు. గుడ్డు పగలడానికి కాస్త ముందే మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా దాని పొట్టలోకి వెళ్లిపోతుంది. ఆ సద్దితో రెండు మూడు రోజులు గడుస్తాయి. హేచరీలు ఒక రోజు పిల్లల్ని మేత లేకుండా దూరాలకు పంపగలిగేది ఈ సద్ది వల్లే.

అలాగని పస్తుంచమని కాదు. తినడం, తాగడం ఎంత తొందరగా మొదలైతే లోపలి సొన అంత బాగా కరుగుతుంది. ముందు నీళ్లు. గోరువెచ్చని నీళ్లలో చిన్న బెల్లం ముక్క కరిగించి, ముక్కు కొసను ఒకసారి ముంచితే చాలు, మిగతాది అదే నేర్చుకుంటుంది. ఆ తర్వాత కాగితం మీద మొక్కజొన్న రవ్వ. రాత్రి మెడ కింద మేతసంచిని వేలితో తడిమి చూడండి. మెత్తగా, నిండుగా ఉంటే తిన్నది, తాగింది. గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదు. ఖాళీగా ఉంటే దానికి మేత ఇంకా దొరకలేదు.

మొదటి వారంలో ఎక్కువగా కనిపించేది తోక కింద రెట్ట అంటుకుని, ఎండి, దారి మూసుకుపోవడం. చలి పట్టినా, వేడి ఎక్కువైనా, నీళ్లు తగ్గినా ఇది వస్తుంది. పొడిగా పీకితే చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో నానబెట్టి, మెల్లగా తుడిచి, పొడి గుడ్డతో అద్ది, కొబ్బరినూనె చుక్క రాసి, వెంటనే వెచ్చగా ఉంచాలి. ఒక్క మాట: పొట్ట మీద బొడ్డు దగ్గర కనిపించే ఎండిన పొక్కు రెట్ట కాదు. దాని జోలికి వెళ్లారో, పిల్ల ప్రాణం మీదికొస్తుంది.

మొదటి వారం బల్బు కింద 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, ఆపైన వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటర్ లేదా? పిల్లలు బల్బు కిందే ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పితే వేడి.

తెల్లగా పారుతూ పిల్లలు ఒకదాని వెనుక ఒకటి చనిపోతుంటే మాత్రం చిట్కాలు ఆపి పశువైద్యశాలకు వెళ్లండి. తల్లికోడి నుంచి గుడ్డు ద్వారానే వచ్చే సాల్మొనెల్లా కావచ్చు.

మూడో వారం తర్వాత రెట్టలో రక్తం కనిపిస్తే అది రక్తపారుడు. ఇక్కడే మన ఊరి ముచ్చట ఒకటుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూశాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. రక్తపారుడు తెచ్చే ఐమీరియా ఆ మలేరియా పరాన్నజీవికి దాయాది. రెండూ ఎపికాంప్లెక్సా అనే ఒకే వంశానివి. దానికి దోమ కావాలి, దీనికి తడిసిన ఊక చాలు. రెట్టతో బయటపడ్డాక, తడిలో ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో పిల్లకు అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన ఊకను రోజూ తీసేయడం సగం వైద్యం.

మిగతా సగం నీళ్లలో కలిపే అంప్రోలియం. ఇది బి1 విటమిన్ వేషం వేసుకున్న మందు. పరాన్నజీవి దీన్ని విటమిన్ అనుకుని తీసుకుని, అసలు విటమిన్ అందక చస్తుంది. మోతాదు పశువైద్యుణ్ని అడగండి. ఈ మందు వాడే రోజుల్లో బి విటమిన్ టానిక్ మాత్రం కలపకండి.